రెండో గాలికి ముందు

మా మేనత్త పోయిందన్న కబురూ, బారువ రేవులో తుపాను హెచ్చరిక జెండా ఎత్తారన్న కబురూ ఒకే ఉదయం బరంపురంలోని మా పత్రిక ఆఫీసుకు చేరాయి. రెండూ తంతి మీద వచ్చినవే. ఒకటి పత్రికకు, ఒకటి నాకు. అత్తకు జ్వరం తగిలిందని ముందే తెలుసు. ఆ వయసులో అలాంటి జ్వరం ఎటు తీసుకెళ్తుందో కూడా తెలుసు. అందుకని ఆమె కబురుకు బాధపడ్డాను గాని ఆశ్చర్యపోలేదు. రేవు కబురు చదివాకే భయం వేసింది. ఆమె లేకుండా ఆ ఊరు ఒక గాలివానను ఎదుర్కోబోవడం ఇదే మొదటిసారి.

ఈ పత్రిక చదివేవారికి ఆమె పూర్తిగా కొత్త మనిషి కాదు. గాలివానలు మునుపటికంటే తరచుగా వస్తున్నాయా, మునుపటికంటే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటున్నాయా అని ఈ పేజీల్లో వాదం నడిచినప్పుడు, "ఉద్దానంలో ఒక కొబ్బరి రైతు" అన్నట్టుగా నేను రాసిన మాటలు ఆమెవే. ఆడమనిషి అని రాయవద్దంది.

"ఆడది సెప్పినాదంటే సదవకుండా పేజీ తిప్పేత్తారు. రైతని రాయి. అబద్దమేటి కాదు గదా."

కాదు. మావ పోయాక ఆ తోటను సాగు చేసింది ఆమే.

ఉద్దానం, అంటే మా కొబ్బరి తోటల సీమ, ఎరగనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద గాలివాన నడిబొడ్డు మన మీదుగా పోతే గాలి రెండుసార్లు వస్తుంది. మా వైపు మొదటిది ఉత్తరం నుంచి వీస్తుంది. తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన వెలుస్తుంది. ఒక్కోసారి ఎండ కూడా పొడచూపుతుంది. ఆ విరామం ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత దక్షిణం నుంచి, అంతే జోరుతో, రెండో గాలి వస్తుంది. మొదటి గాలికి వేళ్లు కదిలిన చెట్లు రెండో గాలికి పడతాయి.

ఇది ఉద్దానంలో అందరికీ తెలుసు. తెలిసీ బయటికి వెళ్లేవారు. కారణం రాలిన కాయ. గాలికి రాలిన కొబ్బరికాయ ఏ చెట్టుదైనా సరే, అది పడిన నేల ఎవరిదో కాయ వారిదే అన్నది ఆ ఊరి పాత కట్టుబాటు. మామూలు రోజుల్లో అది తగవులు రాకుండా చేసిన ఏర్పాటు. గాలివాన నాడు మాత్రం అది మనుషులను ఇళ్లలోంచి బయటికి లాగేది. ఆలస్యమైతే కాయ గట్టు దాటి పక్కవాడి నేలలోకి దొర్లిపోతుంది. దొర్లకపోతే ఎవరో ఒకరు దొర్లిస్తారు. అందుకని గాలి ఆగిందో లేదో గంపలు పట్టుకుని తోటల్లోకి పరుగెత్తేవారు. వీలున్నవారు కూలీలను తరిమేవారు. రెండో గాలి వాళ్లను చెట్ల కింద పట్టుకునేది.

మా మావ అలాగే పోయాడు. అప్పటికి వాళ్లకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. పిల్లలు లేరు. గాలి ఆగగానే మావ గంప అందుకున్నాడు. "అంబలి తాగేసి ఎల్లు" అని అత్త అన్నదట. "తమ్ముడు ముందెల్లిపోతాడు" అన్నాడట మావ. ఆ అన్నదమ్ముల తోటల మధ్య ఒక్క గట్టే అడ్డం. తమ్ముడు తిరిగి వచ్చాడు. మావ రాలేదు. ఆ తమ్ముడే మా చినమావ. తర్వాత జీవితమంతా అత్తా చినమావా ఆ గట్టుకు చెరోవైపు నిలబడి పోట్లాడుకున్నారు.

బరంపురంలో రైలెక్కాను. పెట్టె నిండా నౌపడ ఉప్పు మళ్లకు పోయే జనం. కిటికీలోంచి తూర్పుకేసి చూస్తున్నారు. ఉప్పు గుట్టల మీద కప్పిన తాటాకు ఎగిరిపోతే, ఎండాకాలమంతా పడిన పాటు వాన నీళ్లలో కరిగిపోతుంది.

"బాబూ, పేపరోరా మీరు? గాలొత్తాదా?" అని ఒకతను అడిగాడు.

"హెచ్చరిక ఎత్తారు. ఎటు తిరుగుతుందో ఇంకా తెలియదు" అన్నాను.

"ఎప్పుడూ ఇదే మాట" అన్నాడతను, తప్పు నాదన్నట్టు. "మా అయ్య కాలంలో ఇన్ని గాలులు నేవు."

ఆ మాట నేను చాలాచోట్ల విన్నాను. కొన్నేళ్ల కిందట టెక్కలిలో ఒక వకీలు గారు దాన్ని వాదంగా మలిచి మా పత్రికకు రాశారు. గాలివానలు పెరుగుతున్నాయి, చావులు పెరుగుతున్నాయి, సర్కారు కళ్లు తెరవాలి అని. తంతి వచ్చాక ప్రతి గాలీ మనకు వినబడుతోంది తప్ప గాలులేమీ పెరగలేదని మరికొందరు జవాబు రాశారు. ఆ కొబ్బరి రైతును చూడాలని వకీలు గారు అడిగితే ఆయన్ని వెంటబెట్టుకుని అత్త ఇంటికి వెళ్లాను.

అత్తది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ. దాని మీద కొబ్బరాకు కప్పు దాదాపు నేలదాకా దిగి ఉంటుంది. వకీలు గారి తలపాగా చూరుకు తగిలి కింద పడింది.

"తల దించాల బాబూ" అంది అత్త లోపలి నుంచి. "టెక్కలి కోర్టు కాదిది."

"మీరు పెంకుటిల్లు కట్టుకోవచ్చు కదమ్మా? ఊళ్లో చాలామంది కట్టారు."

"ఆల్ల ఇల్లకి మూలలున్నాయి. మూలుంటే గాలికి పట్టు దొరుకుతాది. దీనికి ఎక్కడ పట్టుకుంతాది?"

ఆయన తలపాగా సర్దుకుని పీట మీద కూర్చున్నారు. గాలివానలు పెరిగాయని చెప్పడానికి తన దగ్గర రుజువుందన్నారు. గాలి వచ్చినప్పుడల్లా శిస్తు తగ్గించమని రైతులు పెట్టుకునే అర్జీలు వాళ్ల నాన్నగారి రోజులకంటే ఇప్పుడు చాలా ఎక్కువట.

"అర్జీ రాసేవోల్లు ఎక్కువైనారు బాబూ" అంది అత్త. "మీ నాన్నగారి కాలంలో టెక్కలిలో ఎందరు వకీల్లున్నారేటి?"

వకీలు గారే ముందు నవ్వారు. కాని వదల్లేదు. "సరే. మరి చచ్చినవాళ్లు అర్జీలు పెట్టుకోరు కదమ్మా. ఆ లెక్కా పెరిగింది."

అది గట్టి ప్రశ్నేనని అత్తకూ తెలిసింది. అయినా ఎదురడిగింది: "ఏ గాలికి సచ్చినారు?"

"అంటే?"

"ఒకటో గాలికా, రెండో గాలికా? అది రాసినారా?"

ఆయన రాయలేదు. నేనూ రాయలేదు. నాకు తెలిసి ఎవరూ రాయలేదు.

"అది రాయకుండా గాలి సంపినాదో, కాయ సంపినాదో ఎలగ తెలుత్తాది? నా సిన్నప్పుడు ఇక్కడ మొగలిడొంకలు, ఇసక దిబ్బలే. ఇప్పుడు ఎటు సూసినా కొబ్బరే. సెట్ల మజ్జిన ఇల్లు. గాలి పెరిగినాదో నేదో నాకు తెల్దు. గాలికి ఎదురెల్లీవోల్లు పెరిగినారు. అది మాత్తరం తెలుసు."

తిరుగు దారిలో, బండిలో, వకీలు గారు ఆ మాటనే అటూ ఇటూ తిరగేశారు. చివరికి, "ఆవిడన్నది నిజం కావచ్చు. తోటలు పెరిగాయి, జనం పెరిగారు. అయినా గాలి మారలేదని దానివల్ల తేలదు కదా" అన్నారు. తేలదు. ఇన్నేళ్ల తర్వాత కూడా గాలివానలు తరచయ్యాయా లేదా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పూర్వం లెక్క పెట్టినవారు లేరు. లెక్క లేనిచోట జ్ఞాపకమే లెక్క అవుతుంది. జ్ఞాపకానికి ఎప్పుడూ నిన్నటి గాలే పెద్దది.

ఆ రోజు నుంచి నా పని తీరు మాత్రం మారింది. గాలివాన పడిన ఊరికి వెళ్లినప్పుడల్లా ఎంతమంది అని అడిగాక, ఏ గాలికి అని కూడా అడుగుతున్నాను. ప్రతిచోటా అత్త అనుకున్న జవాబు రాలేదు. సముద్రం అంచున ఉన్న ఊళ్లలో ఉప్పెన వచ్చి ఇళ్లలో ఉన్నవారిని ఉన్నట్టే తీసుకుపోయింది. అక్కడ ఒకటో గాలి, రెండో గాలి అన్న తేడాయే లేదు. ఆ మాట ఆమెకు చెప్పాను. వింది. "సముద్రం సంగతి నాకు తెల్దు అల్లుడా. నాకు తెలిసినాది కొబ్బరి సంగతి" అంది. తెలియనిచోట ఆగడం ఆమెకు తెలుసు. అన్నిసార్లూ ఆగిందని మాత్రం అనను. పెద్ద గాలి కార్తీకంలో తప్ప రాదని ఆమె గట్టి నమ్మకం. ఒక ఏడాది వైశాఖంలో గాలి వచ్చి ఆమె తోటలోనే చెట్లు విరిచింది. ఇప్పుడేమంటావని అడిగితే, "అది గాలి కాదు, గాలి సెల్లెలు" అంది. ఆ మాట ఊరంతా పట్టుకుంది. ఆ తర్వాత కాస్త ఈదురుగాలి వీచినా "ఇది గాలా, గాలి సెల్లెలా?" అని ఆమెను ఏడిపించేవారు.

ప్రతి ఏడూ దసరా దాటగానే ఇంటికప్పు తాళ్లు తానే చూసుకునేది. కొబ్బరిపీచు తాళ్లు. ఒక్కొక్కటే పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగేది. ఏది వదులైనా విప్పించి మళ్లీ కట్టించేది. ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా ఊరూ పేరూ అడిగాక, "గాలాగినప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగేది. ఏ గాలి అని చెప్పనక్కర్లేదు. మా వైపు ప్రతి మనిషికీ ఒక గాలి ఉంటుంది.

ఊరి కట్టుబాటు మార్చాలని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. గాలివానకు రాలిన కాయ ఎవరి నేలలో పడినా ఎవరిదీ కాదు. రెండో గాలి పూర్తిగా పోయాక అందరూ కలిసి ఏరాలి. ఊరి కళ్లంలో ఒకే గుట్టగా పోయాలి. ఏరిన కూలీలకు ముందు పంచి, మిగిలింది ఎవరికెన్ని చెట్లుంటే ఆ వంతున పంచుకోవాలి. అలా అయితే గాలి మధ్యలో ఎవరూ పరుగెత్తక్కర్లేదు. చాలామంది తలలూపారు. కాని ఊరు కళ్లంలో కూడిన రోజున చినమావ అడ్డం తిరిగాడు.

"నా నేలలో కాయ నీ గుట్టలో ఎందుకెయ్యాల వొదినా?"

"నా గుట్ట కాదు మరిదీ. ఊరి గుట్ట."

"ఊరికి నానేటి బాకీ?"

దానికి అత్త ఏమంటుందోనని అందరూ చూశారు. మాట్లాడింది అత్త కాదు. కూలీల పేటలో బాప్టిస్టు సంఘం పెద్ద లేచాడు. "మీరు మీరు ఏటైనా అనుకోండి బాబూ. గాలాగినప్పుడు మావోల్లు ఇంక ఎవుల తోటలోకీ రారు. ప్రార్దనలో మాటిచ్చుకున్నాం" అని కూర్చున్నాడు. దానితో వాదం తెగిపోయింది. గంప తానే మోసుకోవాలంటే చాలామంది రైతులకు రెండో గాలి గుర్తొచ్చింది. చినమావ ఒప్పుకున్నాడు. "సూద్దాం" అన్నాడు. ఒప్పుకున్నవాడు అనే మాట కాదది.

చూసే రోజు వచ్చింది. ఆ ఏడు రేవులో హెచ్చరిక ఎత్తారని తెలియగానే వార్త కోసం నేను ఆ ఊరే వెళ్లాను. తెల్లవారేసరికి ఉత్తరపు గాలి అందుకుంది. అత్త చుట్టిల్లులో ఇరుగుపొరుగు ఆడవాళ్లు, పిల్లలు, నేను. పక్కింటి పెంకులు లేచిపోతున్న చప్పుడు వినబడుతోంది. కాయలు నేలకు కొట్టుకుంటున్నాయి. గోడ వణకడం వీపుకు తెలుస్తోంది. తర్వాత గాలి ఆగింది.

చూరు కింద నుంచి వంగి చూశాను. ఆకాశం తెల్లగా, నిర్మలంగా ఉంది. నేలంతా కాయలు. ఎదురిళ్ల గుమ్మాల్లో మనుషులు బయటికొచ్చి నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరి కాలూ గుమ్మం దాటలేదు. అప్పుడు చినమావ గంపతో బయటికి వచ్చాడు.

"మరిదీ, గంప దించు" అని కేకేసింది అత్త.

"నానేటి ఏరతన్నానా? సూత్తన్నాను."

"సూడ్డానికి గంపెందుకు?"

ఎదురింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రాకపోతే ఆయన వెనక్కి వెళ్లిపోయేవాడేమో. నవ్వు విని నేరుగా గట్టు దగ్గరికి నడిచాడు. "సూడండి! అందరూ సూడండి! నా నేల, నా కాయ" అంటూ వంగి ఏరడం మొదలుపెట్టాడు. ఎదురిళ్లలో ఇద్దరు ముగ్గురు లోపలికి వెళ్లి గంపలు తెచ్చుకోవడం కనిపించింది.

అత్త లేచింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఒగ్గీ అల్లుడా" అంది. గోడవారనున్న గంప తీసుకుని బయటికి నడిచింది. గట్టు మీదికి వెళ్లి, గంప పక్కన పెట్టుకుని, కూర్చుంది. ఒక్క కాయా ముట్టలేదు.

"నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు చినమావ.

"నువ్వెందుకొచ్చినావో అందుకే. ఏరు. నువ్వేరినంతసేపూ నాను ఇక్కడే కూకుంతాను."

"లోపలికెల్లు వొదినా. గాలొచ్చేత్తాది."

"వత్తాదని తెలుసన్నమాట."

ఆయన మరో కాయ తీశాడు. అది చేతిలోంచి జారింది. దక్షిణాన ఆకాశం నల్లబడింది. దూరంగా ఒక మోత మొదలైంది. వంతెన మీద గూడ్సు బండి పోతున్నట్టుంది గాని, బండి దాటిపోవడం లేదు. గంపలు తెచ్చుకున్నవారు గుమ్మాల్లోనే ఆగిపోయారు. అందరూ గట్టునే చూస్తున్నారు.

"లెగు వొదినా! నీకు దండం పెడతాను."

"గంప బోర్లించు."

"నువ్వు సత్తే ఊరు నన్నంటాది!"

"మీ అన్న సచ్చినప్పుడు ఊరు ఎవుల్నీ ఏటీ అన్నేదు. అందుకే నువ్వు మల్లీ గంప పట్టుకుని వచ్చినావు."

ఆమె గొంతు పెంచలేదు. ఆ మోతలో నాకెలా వినబడిందో తెలియదు. చినమావ గంపను కాలితో తన్నాడు. కాయలు దొర్లాయి. ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఇద్దరూ పరుగెత్తారు. దగ్గరున్నది అత్త ఇల్లే కాబట్టి దాంట్లోకే దూరారు. మేం తలుపు అడ్డం పెట్టేలోపే రెండో గాలి తగిలింది.

అన్న పోయాక ఆ చూరు కిందకు చినమావ రావడం అదే మొదలు. గోడకు చేరగిలి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. గాలి తగ్గుముఖం పట్టాక బయటికి పోబోయాడు. అత్త ముంతలో చోడంబలి పోసి ఆయన ముందు పెట్టింది.

"తాగేసి ఎల్లు" అంది.

తాగేసే వెళ్లాడు.

గట్టు మీద ఆమె కూర్చున్నచోట ఒక కొబ్బరి చెట్టు అడ్డంగా పడి ఉంది. ఆ గాలివానకు ఆ ఊళ్లో ఎవరూ చనిపోలేదు. నా వార్తలో ఆ ఊరి ప్రస్తావన అచ్చు కాలేదు. చావులున్న ఊళ్లకే చోటు సరిపోయింది. తర్వాత పత్రిక తీసుకెళ్లి చదివి వినిపిస్తే, "మా ఊరెక్కడ?" అంది. ఎవరూ చావలేదు కదా అత్తా అన్నాను. "అలగైతే ఎప్పుడూ ఎయ్యకు" అంది.

పడిన ఆ చెట్టు మొద్దును గట్టు మీంచి తీయనివ్వలేదు. సాయంత్రాలు దానికి ఒక కొసన ఆమె, రెండో కొసన చినమావ కూర్చుని తగువులాడుకునేవారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి గాలికీ మొదటి కాయ ఆమే తీసేది. రెండో గాలి పూర్తిగా పోయిందని ఆమెకు నమ్మకం కుదిరాక, గట్టు దగ్గర ఒక కాయ తీసుకెళ్లి కళ్లంలో పెట్టేది. అది చూశాకే ఊరు గంపలు పట్టేది. ఏరమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ కాయే చెప్పేది. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఆమె ఉన్నంతకాలం ఆమె తర్వాత ఎవరని ఎవరూ అడగనూ లేదు.

రైల్లో నా భయమంతా అదే. పలాసలో దిగేసరికి తుపాను పైకి, ఒరిస్సా వైపు, తిరిగిందని స్టేషనులో చెప్పారు. అయినా బండి దారిలో కొబ్బరాకులు విరిగి పడి ఉన్నాయి. అంచు గాలి మా ఊళ్లను కూడా తాకి పోయింది.

నేను చేరేసరికి దహనం అయిపోయింది. చినమావే కొరివి పెట్టాడు. అత్త చుట్టిల్లు తాళ్లతో సహా చెక్కుచెదరలేదు. తోటల్లో మాత్రం కాయలు రాలి ఉన్నాయి, ఎక్కువ కాదు. వాటిని ఎవరూ ముట్టలేదు. జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో గంపలున్నాయి.

"ఇది గాలా, గాలి సెల్లెలా?" అన్నాడొకడు. అలవాటుగా వచ్చిన మాట. ఎవరూ నవ్వలేదు.

"గాలైతే గుట్టకెయ్యాల. కాకపోతే ఎవుల కాయ ఆలదే" అని ఇంకొకడు.

"ఎవులు సెప్పాల మరి?"

సంఘం పెద్ద తన వాళ్లతో పేట మొదట్లో నిలబడి చూస్తున్నాడు. ఒక గుమ్మంలో గంప నేల మీంచి చంకలోకి మారింది. దాన్ని చూసి పక్క గుమ్మంలో ఇంకో గంప లేచింది.

అప్పుడు చినమావ భుజం మీద తడిగుడ్డతో ఇంట్లోంచి వచ్చాడు. బాగా వంగిపోయాడు. గట్టు దగ్గరికి నడిచి, మొద్దు పక్కన పడి ఉన్న కాయను తీశాడు. అది గట్టుకు ఆయన వైపే పడింది. పాత కట్టుబాటు ప్రకారం ఆయనదే. ఆయన కోడలు గుమ్మంలోంచి గంప ముందుకు చాపి, "ఇలగ తెండి మావా" అంది. ఊరంతా చూస్తోంది.

ఆయన కోడలి ముందు నుంచే, ఆ గంపను దాటుకుని నడిచిపోయాడు. వానకు కడిగినట్టున్న ఖాళీ కళ్లం మధ్యకు వెళ్లి వంగి కాయ కింద పెట్టాడు. అది దొర్లబోయింది. పాదంతో ఆపి, కుదురుగా నిలిచేదాకా అలాగే పట్టుకుని, కాలు తీశాడు.